ముసలితనానికి మీట ఉందా?

జె.బి.ఎస్. హాల్డేన్ పుట్టింది ఇంగ్లండులో. 1957లో కలకత్తా వచ్చేశాడు, ఇక్కడి పౌరుడయ్యాడు, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో పోయాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. ఆయన దగ్గర చదువుకున్న ద్రోణంరాజు కృష్ణ మన పిఠాపురం మనిషి. ఇంత చుట్టరికం ఉన్నా, ముసలితనం ఎందుకొస్తుందన్న ప్రశ్నకి పరిణామశాస్త్రం ఇవాళ చెప్పే జవాబుకి తొలి కొస ఆయన 1941లో రాసిన ‘న్యూ పాత్స్ ఇన్ జెనెటిక్స్’లో ఉందన్న సంగతి మన వైపు ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు.

ఈ వాదం ఆ కొస దగ్గరే మొదలైంది. ఒక పక్క జువాలజీ లెక్చరరుగా రిటైరై చాలాకాలమైన మాస్టారు. ఇంకో పక్క సంక్రాంతికి ఇంటికొచ్చిన ఆయన మేనకోడలు. బెంగళూరులో ఒక ల్యాబ్‌లో నులిపురుగుల జన్యువుల మీద పరిశోధన చేస్తోంది. మధ్యలో నేను వినేవాణ్ణి. మాటలు కాస్త సర్ది రాశాను. ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట్లు వదిలేశాను, అవి చాలానే ఉన్నాయి.

మేనకోడలు: హాల్డేన్ గారంటే నాకూ గౌరవమే మావయ్యా. కానీ ఆయనది కాగితం మీద ఊహ. మేం కళ్లతో చూస్తున్నాం. సీ ఎలిగాన్స్ అని మిల్లీమీటరు పొడవుండే పురుగు. మామూలుగా బతికేది రెండు మూడు వారాలు. 1993లో సింథియా కెన్యన్ దాంట్లో డాఫ్-2 అనే ఒక్క జన్యువు బలహీనపడితే ఆయుష్షు రెట్టింపవుతుందని చూపించింది. అంతకుముందే 1988లో ఏజ్-1 దొరికింది. రెండూ ఒకే దారిలోవి, మనలో ఇన్సులిన్ సంకేతాలు నడిచే దారి. ఒక్క జన్యువుతో ఆయుష్షు మారిందంటే ఆయుష్షుకి జన్యువుల్లో గడువు రాసి ఉన్నట్టే. గడువు ఉన్నచోట మీట ఉంటుంది. మీట ఉంటే తిప్పొచ్చు.

మాస్టారు: గడువు రాసిందెవరు? ఎవరి లాభం కోసం?

మేనకోడలు: జాతి లాభం కోసం. ముసలివి తప్పుకుంటే పిల్లలకి తిండీ చోటూ మిగులుతాయి. ఆగస్ట్ వైస్మన్ 1881లోనే చెప్పాడు కదా.

మాస్టారు: చెప్పాడు, తర్వాత తనే మెల్లిగా దాన్నుంచి జారుకున్నాడు. అందులో రెండు చిక్కులున్నాయి. ముసలివి అరిగిపోయాయి కాబట్టి తప్పుకోవాలంటున్నాడు. అసలవి ఎందుకు అరిగిపోయాయన్నదే కదమ్మా మన ప్రశ్న. జవాబు చెప్పాల్సినదాన్ని ముందే ఒప్పేసుకుని కూర్చున్నాడు. రెండోది ఇంకా గట్టిది. అందరూ మర్యాదగా గడువుకి చచ్చిపోయే గుంపులో ఒకడికి గడువు చెరిపేసే మ్యుటేషన్ వచ్చిందనుకో. వాడు ఇంకో రెండు ఈతలు పిల్లల్ని కంటాడు. ఆ పిల్లలకీ అదే జన్యువు. కొన్నాళ్లకి ఊరంతా వాడి సంతానమే. జాతి కోసం చచ్చిపోయే జన్యువు ఆ ఊళ్లో నిలబడుతుందా?

మేనకోడలు: చిన్న చిన్న గుంపులుగా బతికే జీవుల్లో నిలబడొచ్చని లెక్కలు కట్టినవాళ్లున్నారు.

మాస్టారు: ఉన్నారు. లెక్కలో నిలబడుతుంది. కానీ అడవిలోకి వెళ్లి చూడు. ముసలి ఎలుకని చూశావా ఎప్పుడైనా? బయట తిరిగే ఎలుకల్లో చాలావరకు ఏడాది నిండకుండానే చలికో పిల్లికో గుడ్లగూబకో పోతాయి. ల్యాబ్‌లో పెడితే రెండు మూడేళ్లు బతుకుతాయి. ముసలితనం దాకా రానివాటిని చంపడానికి ప్రకృతి ప్రత్యేకంగా ఒక యంత్రాంగం తయారుచేసిందంటే, ఎవరూ రాని రైల్వే స్టేషన్‌లో టిక్కెట్టు కలెక్టర్ని కూర్చోబెట్టినట్టు.

మేనకోడలు: సరే, గడువు లేదనుకుందాం. మరి ముసలితనం ఎందుకొస్తుంది?

మాస్టారు: ఇక్కడే హాల్డేన్. హంటింగ్టన్ వ్యాధి సంగతి తీసుకున్నాడు. నాలుగో క్రోమోజోము మీది జన్యువు, తల్లిదండ్రుల్లో ఒక్కరికుంటే చాలు, పిల్లల్లో సగం మందికి వచ్చే అవకాశం. వచ్చిందంటే ప్రాణాంతకం. ఇంత ఘోరమైన జన్యువుని ప్రకృతి వరణం ఎందుకు తుడిచేయలేదు? ఎందుకంటే అది ఎక్కువమందిలో బయటపడేది ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్య. ఈలోపు పిల్లలు పుట్టేశారు, జన్యువు తర్వాతి తరానికి దాటేసింది. అంటే ప్రకృతి వరణం కళ్లు వయసు పెరిగేకొద్దీ మసకబారతాయి. పదేళ్లప్పుడు చంపే జన్యువుని అది వెంటనే పట్టుకుంటుంది. అరవైలో చంపేదాన్ని పట్టించుకోదు.

హంటింగ్టన్ జన్యువు ఏదో కచ్చితంగా తేలింది కూడా 1993లోనే. డాఫ్-2 సంగతి బయటపడిన ఏడాది. వీళ్ల వాదంలో రెండు పక్షాల ఆయుధాలూ ఒకే ఏడాదివి.

మాస్టారు: దీన్ని సిద్ధాంతంగా మలిచింది పీటర్ మెదావర్, 1951లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇచ్చిన ప్రసంగంలో. ఆయన చెప్పింది గాజు టెస్టు ట్యూబుల లెక్క. ల్యాబ్‌లో వెయ్యి ట్యూబులున్నాయి. గాజుకి ముసలితనం లేదు. కానీ చేతులు జారి నెల నెలా కొన్ని పగులుతాయి, వాటి చోట కొత్తవి పెడతారు. కొన్నేళ్లకి చూస్తే పాతవి పిడికెడే మిగులుతాయి. పాతబడటం వల్ల కాదు, పగిలే అవకాశం రోజూ ఉండటం వల్ల. ఇప్పుడు ట్యూబులు పిల్లల్ని కంటాయనుకో. పాత ట్యూబుల వాటా ఎంత? చాలా తక్కువ. కాబట్టి ఐదేళ్ల తర్వాత గాజుని చీల్చే లోపం ఒకటి పుట్టినా దాన్ని అడ్డుకునే శక్తి దేనికీ ఉండదు. అలాంటి లోపాలు తరం తర్వాత తరం పేరుకుపోతాయి. ముసలితనమంటే ఆ కుప్ప.

మేనకోడలు: కుప్ప అంటే అడ్డదిడ్డంగా ఉండాలి కదా. మరి మనిషి చావుకి ఇంత క్రమం ఎక్కడిది? బెంజమిన్ గోంపెర్ట్జ్ 1825లోనే చూపించాడు, యవ్వనం దాటాక చచ్చిపోయే అవకాశం ఒక లెక్క ప్రకారం పెరుగుతుంది. మనుషుల్లో దాదాపు ఎనిమిదేళ్లకోసారి రెట్టింపు. నిర్లక్ష్యానికి ఇంత క్రమశిక్షణా?

మాస్టారు: మంచి ప్రశ్న. నిర్లక్ష్యమే క్రమంగా పెరుగుతుంది తల్లీ. 1966లో విలియం హామిల్టన్ దానికి లెక్క కట్టాడు. సంతానం మొదలయ్యే వయసు దాకా వరణం బలం నిండుగా ఉంటుంది, అక్కణ్ణుంచి తగ్గుతూ పోతుంది, సంతానం ఆగిపోయాక సున్నా. కుప్ప ఎత్తుకి ఆకారం ఇచ్చేది ఆ తగ్గుదలే.

ఆ లెక్క గోంపెర్ట్జ్ గీతకి పూర్తిగా సరిపోతుందా అన్నది ఇంకా తెగని వివాదం. మాస్టారు ఆ ముక్క దాటేశారు. అమ్మాయి గమనించింది గానీ వదిలేసింది. తన దృష్టి ఇంకోచోట ఉంది.

మేనకోడలు: పేరుకుపోయిన వేల లోపాలే ముసలితనమైతే ఒక్క జన్యువుతో ఆయుష్షు రెట్టింపు ఎలా అయింది? వెయ్యి చిల్లులున్న పడవ ఒక్క చిల్లు పూడిస్తే తేలుతుందా? అదీ రెట్టింపుతో ఆగలేదు. 2008లో అర్కన్సాస్‌లో అయ్యదేవర శ్రీనివాస్, ఆయన తోటివాళ్లు ఏజ్-1 పూర్తిగా పనిచేయని పురుగుల్ని పెంచారు. ఆయుష్షు దాదాపు పదింతలు. దీనికి మీ మెదావర్ దగ్గర జవాబుందా?

మాస్టారు: మెదావర్ దగ్గర పూర్తిగా లేదు. జార్జ్ విలియమ్స్ దగ్గర ఉంది. 1957లో ఆయనన్నది ఏంటంటే, కొన్ని జన్యువులు రెండు పనులు చేస్తాయి. చిన్నప్పుడు మేలు, పెద్దయ్యాక కీడు. ఎముకలో కాల్షియం త్వరగా చేర్చే జన్యువు ఉందనుకో, విరిగిన ఎముక తొందరగా అతుక్కుంటుంది. అదే తర్వాత రక్తనాళాల గోడల్లో కాల్షియం పేర్చి కొంప ముంచుతుంది. వరణం చూసేది మొదటి పనినే. కాబట్టి ఆ జన్యువుని ఊరికే వదిలేయడం కాదు, పిలిచి కూర్చోబెడుతుంది. ఇప్పుడు చెప్పు, పదింతలు బతికిన ఆ పురుగులు పిల్లల్ని పెట్టాయా?

మేనకోడలు: లేదు. ఎదుగుదల నిదానం. సంతానం లేదు.

మాస్టారు: మరి!

మేనకోడలు: అన్నీ అలా కాదు మావయ్యా. డాఫ్-2లో బలహీనమైన మ్యుటేషన్లు ఉన్నాయి, అవి బాగానే పిల్లల్ని పెడతాయి.

మాస్టారు: ప్లేటు నిండా బ్యాక్టీరియా పోసి పెడితే పెడతాయి. 2000లో ఏజ్-1 పురుగుల్నీ మామూలు పురుగుల్నీ సమానంగా కలిపి పెంచారు. తిండి పుష్కలంగా ఉన్నంతకాలం రెండూ సమం. మధ్యమధ్య ఆకలికి మాడ్చితే కొద్ది తరాల్లోనే దీర్ఘాయుష్షు పురుగులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. డాఫ్-2 అయితే తిండి ఉన్నా పోటీలో ఓడిపోయింది. మీరు ఆయుష్షు కొలిచారు, వాళ్లు సంతానం కొలిచారు. పరిణామానికి తెలిసింది రెండోదే.

మేనకోడలు: అయినా నా ప్రశ్న అలాగే ఉంది. అన్ని లోపాల మీదా ఒకేసారి పనిచేసే ఆ ఒక్క మీట ఎలా వచ్చింది?

మాస్టారు: ఆ పురుగు బతుకులోనే ఉంది జవాబు, నాకంటే నీకే బాగా తెలుసు. ఎదిగే వయసులో తిండి దొరక్కపోతే అది ఏం చేస్తుంది?

మేనకోడలు: డావర్ దశలోకి పోతుంది. నోరు మూసేసుకుని, పైన మందపాటి తొడుగు కట్టుకుని, నెలల తరబడి అలాగే ఉంటుంది. తిండి దొరికితే మళ్లీ మామూలుగా ఎదుగుతుంది. డాఫ్ జన్యువులన్నిటికీ ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది.

మాస్టారు: అదీ. మీరు కనిపెట్టింది చావు మీట కాదు, కరువు మీట. తిండి ఉంటే ఎదుగు, పిల్లల్ని కను. లేకపోతే అవన్నీ ఆపి ఒంటిని కాపాడుకో, మంచిరోజులు వచ్చేదాకా నిలబడు. ఈ రెండు బతుకుల మధ్య తిప్పే మీట అది. కరువు తట్టుకోడానికి ఒంటిలో ఉన్న మరమ్మతులన్నీ ఒకేసారి మొదలవ్వాలి, అందుకే ఒక్క జన్యువు కింద వందలు కదులుతాయి. మీరు దాన్ని తిండి ఉన్నప్పుడు కరువు వైపు తిప్పారు. ఆయుష్షు పెరగడం ఆ తిప్పుడులో పక్కన పడ్డ ఫలితం.

నాకు ఈ సంవాదం మొత్తానికి ఇదే కీలకం అనిపించింది. ‘దీర్ఘాయుష్షు జన్యువు’ అని పేపర్లలో వచ్చేవన్నీ ఈ కంటితో చూస్తే వేరేగా కనిపిస్తాయి. టామ్ కిర్క్‌వుడ్ 1977లో చెప్పింది కూడా ఈ వైపుదే: ఒంటికి వచ్చే శక్తి కొంతే, దాన్ని మరమ్మతుకీ సంతానానికీ పంచాలి. బీజకణాలు తరాలు దాటాలి కాబట్టి వాటికి లోటు చేయకూడదు. ఒళ్లు మాత్రం ఎలాగూ ఏదో ప్రమాదంలో పోయేదాకా నిలబడితే చాలు.

మేనకోడలు: ఒప్పుకుంటాను, కరువు మీటే. కానీ అది పురుగులో ఉంది, ఈగలో ఉంది, ఎలుకలో ఉంది. గ్రోత్ హార్మోన్ అందుకునే జన్యువు లేని ఒక ఎలుక ఐదో పుట్టినరోజుకి వారం ముందు దాకా బతికింది. కుక్కల్లో చూడండి, చిన్న జాతులు పెద్ద జాతుల కంటే చాలా ఎక్కువకాలం బతుకుతాయి, అక్కడా అదే దారిలో ఉన్న ఐజీఎఫ్-1 జన్యువు తేడా ఉంది. కోట్ల ఏళ్ల కిందట విడిపోయిన జీవుల్లో ఒకే మీట ఇంకా పనిచేస్తోందంటే మనిషిలో ఎందుకు పనిచేయదు?

మాస్టారు: ఈక్వడార్‌లో ఉన్నారు కదా, లారాన్ సిండ్రోమ్ వాళ్లు. నీ ఎలుకలో లేని జన్యువే వాళ్లలోనూ చెడిపోయింది.

మేనకోడలు: ఉన్నారు. లోహా ప్రాంతంలో వందమంది దాకా, మూడున్నర నాలుగడుగుల ఎత్తు. హైమే గువేరా-అగిర్రే వాళ్లని ఇరవై ఏళ్లకు పైగా గమనించి 2011లో రాశాడు. బంధువుల్లో క్యాన్సరూ షుగరూ మామూలుగానే ఉన్నాయి. వీళ్లలో షుగర్ ఒక్కరికీ లేదు, క్యాన్సర్ ఒక్కరికే, అదీ ప్రాణం తీయలేదు.

మాస్టారు: ఎన్నేళ్లు బతికారు?

మేనకోడలు: (కాస్త ఆగి) అందరిలాగే. ప్రమాదాలు, తాగుడు, మూర్ఛలు... వేరే కారణాలతో పోతున్నారు.

మాస్టారు: పురుగుకి పదింతలు, ఎలుకకి ఇంకో సగం, మనిషికి ఏమీ కనపడలేదు. పురుగుకి డావర్ దశ ఉంది, మీట తిరిగే మేర ఎక్కువ. మనం ముందే నిదానంగా ఎదిగి, తక్కువమందిని కని, ఎక్కువకాలం బతికే జాతి. ఆ మీట మనలో చాలావరకు అటువైపు తిరిగే ఉందేమో.

మేనకోడలు: ఒక్క ఊరి వందమందితో అంత తీర్పు ఇవ్వకండి. సరే, మీ పక్షానికి వద్దాం. కథలు బాగున్నాయి, పరీక్షలేవి?

మాస్టారు: మైకెల్ రోజ్ ఈగలు. 1980లలో తరం తరంగా ముసలి ఈగలు పెట్టిన గుడ్లనే తీసుకుని పెంచాడు. అంటే ముసలితనంలోనూ సంతానం కనగలిగినవాటికే వారసత్వం. కొన్ని తరాలకి ఈగల ఆయుష్షు పెరిగింది, వయసులో ఉన్నప్పుడు పెట్టే గుడ్లు తగ్గాయి. విలియమ్స్ చెప్పినట్టే. ఇక స్టీవెన్ ఆస్టాడ్ పోసమ్‌లు. జార్జియా తీరంలో సపెలో అనే దీవి, కొన్ని వేల ఏళ్లుగా మాంసం తినే పెద్ద జంతువులు లేవు. అక్కడి పోసమ్‌లు ప్రధాన భూభాగంలోని వాటికంటే నిదానంగా ముసలివయ్యాయి, తోక స్నాయువుల బిగువు కూడా నిదానంగా పెరిగింది, ఈతకి పిల్లలు తక్కువ. బయట చంపేవాడు తగ్గితే లోపల నిలబడటం విలువైంది. గబ్బిలం చూడు, సైబీరియాలో ఏడు గ్రాముల బ్రాంట్ గబ్బిలం ఒకటి 41 ఏళ్లు బతికినట్టు లెక్క ఉంది. అంతే బరువు ఎలుకకి మూడేళ్లు దాటడం కష్టం. ఎగరగలిగితే చంపేవాళ్లు తక్కువ.

మేనకోడలు: ట్రినిడాడ్ గప్పీ చేపల సంగతి చెప్పరేం?

(మాస్టారు నవ్వారు. ఈ దెబ్బ వస్తుందని ఆయనకి తెలుసు.)

మేనకోడలు: డేవిడ్ రెజ్నిక్, 2004. ఒక్కో వాగులో వేటాడే చేపలు ఎక్కువ, ఇంకోచోట తక్కువ. మీ సిద్ధాంతం ప్రకారం వేట ఎక్కువున్న చోటి గప్పీలు త్వరగా ముసలివి కావాలి. ల్యాబ్‌లో ప్రమాదం లేకుండా పెంచితే అవే ఎక్కువకాలం బతికాయి, ఎక్కువకాలం పిల్లల్ని పెట్టాయి. బయట చంపేవాడు తగ్గితే ఆయుష్షు పెరుగుతుందన్న మాట తలకిందులైంది.

మాస్టారు: నిజమే. కాకపోతే వేట ఎక్కువున్న చోటి చేపల్లో ఒక విషయం త్వరగా చెడింది, శత్రువుని చూసి చటుక్కున తప్పుకునే ఈత.

మేనకోడలు: అది పక్కదారి.

మాస్టారు: పక్కదారి కాదు గానీ, నీ దెబ్బ తగిలింది, కాదనను. మెదావర్ లెక్కలో చావు ఫలానా ట్యూబునని ఎంపిక చేసుకోదు, ఏదైనా పగలొచ్చు. నిజం చేపల్లో వేటగాడు నెమ్మదిగా ఉన్నదాన్నే పట్టుకుంటాడు. అప్పుడు వేట గట్టిదనాన్ని కూడా పెంచగలదు. బయట చావు ఎక్కువైతే లోపలి ముసలితనం ముందే వస్తుందన్న సూత్రం అన్నిచోట్లా పనిచేయదు. ఎవరు చస్తున్నారో, గుంపు కిక్కిరిసి ఉందో లేదో, అవన్నీ చూడాలి. నా తరంలో దీన్ని క్లాసులో సూత్రంలా చెప్పేశాం.

మేనకోడలు: ఇంకొకటి. గడువు లేదన్నారు. మన పెరట్లో అరటి సంగతేంటి? గెల వేశాక ఆ చెట్టు బతకదు. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టి వారాల్లో కుళ్లిపోయి చచ్చిపోతుంది. బీజకోశాలు తీసేస్తే ఆ జాతి చేపలు ఎన్నో ఏళ్లు బతికాయని 1961లోనే చూపించారు. ఆక్టోపస్ ఆడది గుడ్లు కాచి తిండి మానేసి పోతుంది. కంటి దగ్గరి గ్రంథులు తీసేస్తే మళ్లీ తినడం మొదలుపెడుతుంది. అది గడువు కాదా?

మాస్టారు: అక్కడ యంత్రం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ యంత్రం చంపడానికి పెట్టింది కాదు, ఉన్నదంతా ఒక్క కాన్పులో ఖర్చుపెట్టడానికి పెట్టింది. తిరిగి సముద్రానికి పోయి ఇంకోసారి వచ్చే అవకాశం సాల్మన్‌కి ఎంత? లేనట్టే. ఇక మిగుల్చుకుని ఏం లాభం? అయినా సాల్మన్‌ని చూసి మనిషికి చెప్పకూడదు. మన ఆడవాళ్లకి సంతానం ఆగాక ఇంకో ముప్పై ఏళ్ల బతుకుంది. టాంజానియా హాడ్జాల్లో క్రిస్టెన్ హాక్స్ చూసినట్టు, అమ్మమ్మలు దుంపలు తవ్వి పెడితే మనవలు బతుకుతారు, వాళ్లలో అమ్మమ్మ జన్యువులు బతుకుతాయి. హామిల్టన్ లెక్కలో సున్నా అన్నచోట సున్నా కాదన్నమాట.

మేనకోడలు: హాల్డేన్‌ని తీసుకెళ్లిన క్యాన్సర్ దగ్గరికి రండి. అక్కడ మీ విలియమ్స్‌కి ఉదాహరణా ఉంది, నాకూ ఉంది. 2002లో పి53 జన్యువు అతిగా పనిచేసే ఎలుకల్ని చూశారు. కణితులు తగ్గాయి, కానీ త్వరగా ముసలివయ్యాయి. చెడిన కణాన్ని విభజించకుండా ఆపే కాపలాదారు మితిమీరితే కొత్త కణాలే పుట్టవు. ఇది మీకు. ఇప్పుడు నాకు. ఏనుగులో అదే జన్యువు ఇరవై కాపీలున్నాయని 2015లో తేలింది. అంత పెద్ద ఒళ్లు, అన్ని కణాలు, అయినా క్యాన్సర్ తక్కువ, ఆయుష్షు ఎక్కువ. అంటే మీరు విడదీయరానివి అంటున్న మేలూ కీడూ పరిణామమే విడదీసింది.

మాస్టారు: లక్షల ఏళ్లు తీసుకుని.

మేనకోడలు: దారి ఉందని తెలిసింది కదా. నేనైతే ఇంకా తక్కువలో చూపిస్తాను. 2002లో కెన్యన్ ల్యాబ్‌లోనే ఆండ్రూ డిల్లిన్ వాళ్లు డాఫ్-2ని పుట్టినప్పటి నుంచి కాకుండా, పురుగు పెద్దదయ్యాక అణచారు. ఆయుష్షు పూర్తిగా పెరిగింది. సంతానం తగ్గలేదు. మీరు చెప్పే ఖరీదు ఎక్కడ మావయ్యా? ఎదిగేటప్పుడు ఆ జన్యువు కావాలి. ఎదిగాక అదే జోరుతో నడవనక్కర్లేదు. ఆపేవాళ్లు లేక నడుస్తోంది. మిఖాయిల్ బ్లగోస్క్లోని చెప్పింది ఇదే, ముసలితనం అరిగిపోవడం కాదు, ఆగాల్సిన ఎదుగుదల ఆగకపోవడం. ర్యాపమైసిన్ అనే మందు కూడా ఎదుగుదల సంకేతాన్నే తగ్గిస్తుంది. 2009లో ఎలుకలకి ఆరువందల రోజుల వయసులో, అంటే మనిషికి అరవై లాంటి వయసులో మొదలుపెడితే, ఆడవాటి గరిష్ఠ ఆయుష్షు 14 శాతం, మగవాటిది 9 శాతం పెరిగింది.

ఇక్కడ ఇద్దరి మధ్య దూరం అనుకోకుండా తగ్గింది. ‘ఆపేవాళ్లు లేక’ అన్నది హాల్డేన్ మాటకి దగ్గర మాటే. ఆ వయసులో ఆపితే లాభం ఉన్నా, ఆ లాభాన్ని పట్టించుకునే వరణం అప్పటికి లేదు. పథకం లేదన్న మాస్టారి మాటా నిలిచింది, తిప్పొచ్చన్న అమ్మాయి మాటా నిలిచింది. వాళ్లు మాత్రం దగ్గరైనట్టు ఒప్పుకోలేదు.

మాస్టారు: ర్యాపమైసిన్ కిడ్నీ మార్చినవాళ్లకి ఇచ్చే మందు. రోగనిరోధక శక్తిని అణుస్తుంది. ఎలుకని శుభ్రమైన బోనులో పెట్టి ఇచ్చారు, బయట ఇస్తే? నీ పురుగుల్ని పొలం మట్టిలో వేసి చూశారా ఎవరైనా?

మేనకోడలు: చూశారు, 2005లో. మట్టిలో మామూలు పురుగుల ఆయుష్షే బాగా పడిపోయింది. డాఫ్-2 పురుగులు ఇంకా ముందే పోయాయి.

మాస్టారు: చూశావా!

మేనకోడలు: మీరే చూడండి. మనం ఇప్పుడు మట్టిలో బతుకుతున్నామా? స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఇక్కడ సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్లు. ఇప్పుడు డెబ్బై దగ్గర. టీకాలు, మందులు, కుళాయి నీళ్లు, ఏడాది పొడుగునా బియ్యం. మనం ల్యాబ్ ప్లేటు మీదికి ఎక్కేశాం. జన్యువులే ఇంకా మట్టి కోసం తయారైనవి. ప్లేటు మీద ఉన్నవాళ్లకి మట్టి లెక్కలు చెప్పి మందు వద్దంటారా?

మాస్టారు: వద్దనను. అందరూ ప్లేటు మీద లేరంటాను. ఏజెన్సీలో మలేరియా వచ్చే ఊళ్లో రోగనిరోధక శక్తి తగ్గించే మందు ఇస్తావా?

మేనకోడలు: ఇవ్వను.

మాస్టారు: ఇంకోటి కూడా ఆలోచించు. రోజ్ తన ఈగలకి చేసినదాన్ని మన రాష్ట్రంలో తలకిందులుగా చేస్తున్నాం. ఆయన ముసలి ఈగల గుడ్లు ఏరాడు. మన ఊళ్లలో ఆడపిల్లకి ఇరవైలోనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్ల లోపే ఆపరేషన్. హామిల్టన్ లెక్కలో పాతికేళ్లకే తలుపు మూసేశాం. ఇలా ఓ యాభై తరాలు గడిస్తే ముప్పైలో దెబ్బకొట్టే జన్యువుని కూడా పట్టించుకునేవాడు ఉండడు.

మేనకోడలు: యాభై తరాలంటే పన్నెండువందల ఏళ్లు. ఈలోపు అమ్మాయిలు చదువుకుని ముప్పైల్లో కనడం మొదలుపెడితే మీ తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. వరణం వేగం మీద పందెం కాసేవాడి మనవరాలి మనవరాలు కూడా ఫలితం చూడదు. నేను ఎలుకలో మూడేళ్లలో చూస్తాను.

మాస్టారు: అయితే ఒక షరతు. ఎలుకని బోనులో కాదు, చలి, పురుగు, ఆకలి అన్నీ తగిలే ఆవరణలో పెట్టి చూడు. మందు మొదలుపెట్టేది ఆరువందల రోజుల తర్వాతే. అక్కడా మందు తిన్నది ఎక్కువకాలం బతికితే నేను విలియమ్స్‌ని పక్కన పెడతాను.

మేనకోడలు: అలాంటి ఆవరణలో ఆరువందల రోజులు దాటి మిగిలే ఎలుకలు ఎన్ని మావయ్యా? ఇందాక మీరే చెప్పారు, చాలావరకు ఏడాది చూడవని. లెక్క తేలడానికి వందల ఎలుకలు కావాలి, వేలల్లో మొదలుపెట్టాలి. దానికి ఎవరు డబ్బిస్తారు?

మాస్టారు: అది నీ ల్యాబ్ సమస్య.